ఒళ్లు అలవకుండా మక్క పండించే చిట్కాలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల తమ్ముళ్లారా, రాతి ఫాస్ఫేటు, జీలుగ, పెసర వేస్తే మక్కకు బలమని చెప్పేవాళ్లు చాలామంది. పని తప్పించుకునే దారి నేను చెప్తా.

1. మట్టి పరీక్షకు చేనంతా తిరిగి, పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతు తవ్వమంటారు. నువ్వు బండి దిగకు. గెట్టు మీది వేపచెట్టు కింద, పెంటకుప్ప పక్కన రెండు గుప్పిళ్లు ఎత్తి సంచిలో పోయి. అక్కడి మట్టి ఎప్పుడూ బలంగానే ఉంటుంది. భాస్వరం ఎక్కువుందని చీటీ వస్తుంది, ఇక ఏమీ కొననక్కర్లేదు. ఆ చీటీ జిరాక్సు తీసి పాలివాళ్లకూ పంచు.

2. సబ్సిడీ జీలుగ వస్తే వరుసలో ముందు నిలబడు. పూతకు రాగానే, 45 రోజులకు అటూఇటుగా, దున్నమంటారు. ఆ వారం ఏదో ఒక పెళ్లికి పో. కాండం కట్టె బారాక దున్ను. మురగకపోయినా, దున్నినట్టే లెక్క.

3. పెసర వేర్ల బుడిపెల్లోని రైజోబియం గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తుంది. అందుకే విత్తనానికి పట్టించే రైజోబియం ప్యాకెట్టును ట్రాక్టర్ బానెట్ మీద ఎండకు పెట్టు. సాయంత్రానికి అందులోని జీవాలు చస్తాయి, పట్టించే పని తప్పుతుంది. కాయ తెంపాక మొక్కల్ని కలియదున్నకు. ఒక్క అగ్గిపుల్లతో చేను శుభ్రం. నత్రజని పొగలో పోతే పోనీ, యూరియా కొట్టు ఎక్కడికీ పోదు.

4. రాతి ఫాస్ఫేటు ఆమ్ల నేలల్లోనే బాగా కరుగుతుంది, మిగతా చోట్ల పేడలో మాగబెట్టాలి. నువ్వు నల్లరేగడిలో, మక్క పూతకొచ్చాక, పొడిగానే పైపైన చల్లు. కరగక అట్లే ఉంటుంది. దాచుకున్న సొమ్మనుకో.

5. జింకు సల్ఫేటును డీఏపీతో ఒకే గంపలో కలుపు. రెండూ ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, నీకు ఒక విడత కూలి మిగులుతుంది. లేత ఆకులు తెల్లబడితే హైబ్రిడ్ రకమే అంతని చెప్పు. కోరుట్ల వైపు పసుపులో మక్క వేసేవాళ్లకు ఇంకా హాయి: పసుపుకు వేసిందే మక్కకూ చాలు.

6. యూరియాను మూడు దఫాలుగా వెయ్యకు. మొగులు కమ్మగానే మొత్తం ఒకేసారి చల్లు. వరదతో పక్క చేనుకు పోతుంది, పాలివాడు నీకు రుణపడతాడు.

7. సాకులు మాత్రం ముందే సిద్ధం చేసుకో. కంకి చివర గింజ పట్టకపోతే విత్తనం నకిలీ. చేను ఎండితే కరెంటు. ఆకు చిరిగితే కత్తెర పురుగు. 2018లో మన దేశానికొచ్చిన ఆ పురుగు ఏ తప్పునైనా మోస్తుంది. పొలాస పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు వస్తే పెంటకుప్ప పక్కన ఏపుగా పెరిగిన నాలుగు మొక్కలు చూపించి, చాయ్ తాగించి పంపు.

ఇవన్నీ పాటించినవాడికి మార్కెట్ యార్డులో మక్కల కుప్ప దగ్గర రాత్రంతా కాపలా పడుకునే బాధ ఉండదు.