సూది పోటే కదా అంటారు

మా రోజుల్లో "పాపకి గుండెలో రంధ్రం ఉందమ్మా" అంటే ఇంటిల్లిపాదీ గొల్లుమనేవారు. ఇప్పుడు "తొడ దగ్గర సూది పోటే కదా సిస్టరమ్మా, పండగ వెళ్లాక చేయిద్దాంలే" అంటున్నారు. గుండె ఆపరేషన్ల వార్డులో నర్సుగా నా ఉద్యోగమంతా గడిచింది. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది.

అప్పట్లో గుండె పైగదుల మధ్య గోడకి పడ్డ చిల్లు పూడ్చాలంటే రొమ్ము ఎముకని రంపంతో నిలువునా కోయాల్సిందే. గుండెని ఆపి, రక్తాన్ని మిషన్ మీద తిప్పాల్సిందే. రక్తం ఇవ్వడానికి తండ్రులు ఊళ్లోవాళ్లని బతిమాలి వెంటబెట్టుకొచ్చేవారు. మర్నాటి నుంచి అసలు కష్టం. కోసిన చోట నొప్పికి పసివాడు దగ్గడానికే భయపడేవాడు. దగ్గకపోతే కఫం పేరుకుని నెమ్ము చేస్తుంది. చిన్న దిండు ఎదకి ఆనించి, "గట్టిగా పట్టుకుని ఒక్కసారి దగ్గు నాన్నా" అని మేం బతిమాలేవాళ్లం. కళ్ల వెంట నీళ్లు కారుతుండగా వాడు దగ్గేవాడు. పక్కటెముకల కింది ట్యూబులోంచి ఎర్రటి నీరు సీసాలోకి దిగేది.

ఇప్పుడు గజ్జల్లో నరానికి సూది గుచ్చి, సన్నటి గొట్టాన్ని గుండె కుడి పైగదిలోకి, అక్కణ్ణించి చిల్లులోంచి ఎడమగదిలోకి పంపుతున్నారు. నికెల్-టైటానియం తీగతో అల్లిన డివైస్ ఆ గొట్టంలో మడుచుకుని వెళ్లి, బయటపడగానే తన ఆకారానికి తాను విచ్చుకుంటుంది. గోడకి అటొక బిళ్ల, ఇటొక బిళ్ల, నడుమ చిల్లులో ఇరుక్కునే కంఠం. డాక్టరు దాన్ని ముందుకీ వెనక్కీ కదిపి, ఎకోలో చూసి, కుదిరిందనుకున్నాకే తీగ మర విప్పుతాడు. అంతవరకూ వెనక్కి లాక్కోవచ్చు. ఒకటి రెండు రోజుల్లో బిడ్డ ఇంటికి వెళ్తుంది. బాగుందా అంటే బాగుంది. ఆ దిండు అవసరం తప్పినందుకు నాకంటే సంతోషించేవాళ్లు ఎవరుంటారు?

కానీ ఇది తేలిగ్గా వచ్చింది కాదు. 1929లో జర్మనీలో ఫోర్స్‌మన్ అనే కుర్ర డాక్టరు తన చేతి నరంలోంచి గొట్టాన్ని తన గుండెదాకా తోసుకున్నాడు. పనిముట్లు ఇచ్చింది గెర్డా డిట్జెన్ అనే నర్సు. తన మీదే ప్రయోగం చేయమని బల్ల మీద పడుకుంది కూడా. ఆవిణ్ణి బల్లకి కట్టేసి, ఆయన తనకే పెట్టుకున్నాడు. ఆ గొట్టంతోనే ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లాడు. నోబెల్ 1956లో ఆయనకొచ్చింది, నర్సు పేరు ఎవరికీ పట్టలేదు. 1966లో రాష్‌కిండ్ అనే డాక్టరు బెలూన్‌తో నీలి బిడ్డల గుండెగోడని తెరిచి ప్రాణాలు నిలిపాడు. 1976లో కింగ్, మిల్స్ అనే డాక్టర్లు కోత లేకుండా చిల్లు మూసిన సంగతి ప్రకటించారు. ఇప్పుడు వాడే తీగ అల్లిక డివైస్‌కి అమెరికాలో అనుమతి 2001లో గానీ రాలేదు. ఇన్నేళ్ల చాకిరీని పట్టుకుని సూది పోటంటే ఎలా?

పైగా ప్రతి చిల్లుకీ ఈ పద్ధతి పనికిరాదు. డివైస్ పట్టుకోవడానికి చుట్టూ అంచు ఉండాలి. లేకపోతే ఈనాటికీ కోతే గతి.

మా వార్డులో పెద్ద డాక్టరు స్టెత్ పెట్టకముందే తల్లిని అడిగేవారు: "పాలు తాగేటప్పుడు బిడ్డ నుదుట చెమట పడుతోందా? ఆగి ఆగి తాగుతోందా? డొక్కలు ఎగరేస్తోందా?" ఇప్పుడు చాలాచోట్ల ఆ ప్రశ్నలు లేవు, నేరుగా ఎకో రాస్తారు, లేదా మాటిమాటికీ నెమ్ముకి మందు రాసి పంపేస్తారు. ఖర్చు భరించడానికి 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. 2013 నుంచి బడికీ అంగన్‌వాడీకీ వచ్చి పిల్లల్ని చూసే బృందాలున్నాయి. అయినా ఆలస్యమే. కింది గదుల మధ్య పెద్ద చిల్లుని ఏళ్లతరబడి వదిలేస్తే ఊపిరితిత్తుల నరాలు గట్టిపడి రక్తం ఎదురు తిరుగుతుంది, పెదాలు నీలమవుతాయి. అప్పుడు గొట్టంతో మూసినా కోసి మూసినా బిడ్డకి హానే. పండగ వెళ్లాక అనేవాళ్లు ఇలాంటి బిడ్డని ఒక్కసారి చూడాలి.

డివైస్ పెట్టాక సంగతీ అంతే. దాని మీద గుండె లోపలి పొర పెరగడానికి నెలలు పడుతుంది. అందుకే మామూలుగా ఆరు నెలలు ఆస్పిరిన్, ఆలోగా పన్ను పీకించాల్సొస్తే ముందు యాంటీబయాటిక్. పిల్ల గెంతులేస్తోందని మధ్యలోనే మాత్ర ఆపేస్తారు, ఎకోకి రారు.

ఆడపిల్లయితే మరీ అన్యాయం. సంబంధాలు చెడతాయని ఫైలు బీరువా అడుగుకి తోసేస్తారు. కడుపుతో ఉన్నప్పుడు డాక్టరు "గుండెకి ఎప్పుడైనా ఏమైనా చేయించారా" అని అడిగితే తల్లి వియ్యపురాలి వైపు చూసి "లేదండీ" అంటుంది. మా రోజుల్లో ఎద మీది గీత చూసి డాక్టరే పోల్చుకునేవారు. ఇప్పుడు గజ్జల్లో మచ్చ కూడా మిగలదు. ఏ డివైస్, ఏ సైజు, ఏ రోజు పెట్టారన్నది ఉన్నది ఆ కాగితంలోనే. పిల్ల కాపురానికి వెళ్లేటప్పుడు దాన్ని పిల్ల చేతికివ్వండి.