నా పక్కనుంచి పోయే గాలి

నేను శ్వాసనాళంలో వేసే ట్యూబుని. సైజు ఏడున్నర. నా కింది కొసన గాలి నింపే చిన్న బుడగ ఉంటుంది, దాన్ని కఫ్ అంటారు.

కట్లపాము కరిచిన ఒక కూలీ మనిషి గొంతులోకి నన్ను అర్ధరాత్రి దించారు. రెప్పలు వాలిపోయి, ఊపిరి ఆగేలా ఉంది. మొదటిసారి దారి దొరకలేదు. రెండోసారికి స్వరతంత్రులను ఒరుసుకుంటూ లోపలికి వెళ్లాను. ఆమె పొట్టి మనిషి, ఆ గొంతుకు నేను లావే.

వారం దాటింది. ఇప్పుడు తల దిండు మీంచి ఎత్తుతోంది, ఊపిరి తనే తీస్తోంది. నన్ను తీసేయొచ్చు. నాకు భయమంతా అక్కడే. ఇన్నాళ్లూ నేను ఒరుసుకున్న స్వరపేటిక వాచి ఉండొచ్చు. నేను అడ్డంగా ఉన్నంతసేపు ఆ వాపు ఎవరికీ తెలియదు. తీశాక దారి మూసుకుపోతుంటే, ఊపిరి పీల్చినప్పుడల్లా కీచుమని కూత వస్తుంది. వాచిన గొంతులో మళ్లీ ట్యూబు వేయడం మహా కష్టం. ఆడవాళ్లకు, లావు ట్యూబు వేసినవాళ్లకు, ఆరు రోజులు దాటినవాళ్లకు, వేసేటప్పుడు ఇబ్బంది పడ్డవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. ఈమెకు నాలుగూ ఉన్నాయి.

ఉదయం డాక్టరమ్మ వచ్చి, నోట్లో, గొంతులో చేరిన చొంగను సక్షన్ చేయించి, సిరంజితో నా కఫ్‌లో గాలి లాగేసింది. నాకూ నాళం గోడకూ మధ్య సందుంటే, వెంటిలేటర్ మిషను పంపిన గాలి కొంత నా పక్కనుంచి పైకి పోవాలి. 400 మిల్లీలీటర్లు వెళ్తే 360 తిరిగొచ్చాయి. పక్కనుంచి పోయింది 40. ఈ లెక్క 110 కన్నా తగ్గితే జాగ్రత్తపడమని మిల్లర్, కోల్ అనే పరిశోధకులు 1996లోనే రాశారు.

అయినా గాలి సరిగ్గా పోనివాళ్లలో కూడా చాలామందికి తీశాక ఏమీ కాదు. ఆ భయంతో నన్ను రోజుల తరబడి లోపలే ఉంచొద్దు! న్యుమోనియాకు దారి ఇచ్చేది నేనే, గొంతును ఇంకా ఒరుసుకునేదీ నేనే. డాక్టరమ్మ ఆ పని చేయలేదు. వాపు తగ్గించే మిథైల్‌ప్రెడ్నిసొలోన్ ఇంజెక్షన్ మొదలుపెట్టింది. దాని పని కనిపించాలంటే కనీసం 4 గంటలు కావాలి. మధ్యాహ్నం దాకా ఆగి, మంచం పక్కన ఆరున్నర సైజు ట్యూబు, నెబ్యులైజర్లో వేయడానికి అడ్రినలిన్ పెట్టించుకుని, అప్పుడు నన్ను లాగింది.

ఎర్ర సంచిలో పడ్డాక కూడా చెవులు రిక్కించుకునే ఉన్నాను. కూత రాలేదు. దగ్గింది. బొంగురు గొంతుతో నీళ్లడిగింది. నర్సమ్మ ఇవ్వలేదు. సరిగ్గా మింగగలుగుతోందో లేదో చూశాకే ఇస్తానంది.