తుక్కులో ఇంజిన్, గాలిలో ప్రాణం

అమెరికాలో ఏ చిన్న ఊరి విమానాశ్రయానికి వెళ్లినా, హ్యాంగర్ల వరసలో ఎక్కడో ఒకచోట ఈ పెద్దమనిషి తగులుతాడు. చొక్కాకి గ్రీజు, చెవి మీద పెన్సిలు, కళ్లలో ధీమా. సొంతంగా విమానం కట్టుకుంటున్నాడు. అదేం వింత కాదు. సగానికి మించి పని తామే చేసుకున్నవాళ్లకి అక్కడి ప్రభుత్వం 'ఎక్స్‌పెరిమెంటల్' అని ముద్ర వేసి ఎగరనిస్తుంది. వింతంతా ఇంజిన్‌లో ఉంది. మొన్నటిదాకా అది ఎవరి సుబారు కారులోనో ఉండి పిల్లల్ని బడికి దింపేది.

"లైకమింగ్ వాళ్ల విమానం ఇంజినా? తాతలనాటి డిజైనుకి అంత డబ్బు పొయ్యాలా?" అని మొదలెడతాడు. చరిత్ర నాలుక చివరే ఉంటుంది. 1903లో రైట్ సోదరులకి వాళ్ల సైకిలు షాపు మెకానిక్కు చార్లీ టేలర్ ఇంజిన్ చేసిపెట్టాడు. 1929లో మినెసోటా పల్లెలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ ఫోర్డు మోడల్-ఏ ఇంజిన్‌తో ఎగిరాడు. "ఆ తరవాత నేనే" అని మాత్రం అనడు. మనం అంటామేమోనని కాస్త ఆగుతాడు.

తుక్కు యార్డులో ఇంజిన్ కారుచవక, నిజమే. కానీ దాని సత్తువంతా నిమిషానికి అయిదు వేల చుట్ల దగ్గర ఉంటుంది. ప్రొపెల్లర్‌ని అంత జోరుగా తిప్పితే కొసలు ధ్వని వేగాన్ని అందుకుని, రొద పెరిగి లాగుడు తగ్గుతుంది. అందుకని మధ్యలో గేరుపెట్టె. ఇంజిన్ అదుర్లకి గేర్లు విరక్కుండా ఒక డాంపరు. చల్లబరచడానికి రేడియేటరు. విమానం ఇంజిన్‌కి నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు రెండుంటాయి, ఒకటి పోయినా రెండోది ఆదుకుంటుంది. కారు ఇంజిన్‌లో కంప్యూటరు చస్తే అన్నీ చస్తాయి గనక ఇంకో కంప్యూటరు, ఇంకో బ్యాటరీ, ఇంకో పెట్రోలు పంపు. పావలా కోడికి ముప్పావలా మసాలా! ఆయన బిల్లులు దాస్తాడే తప్ప కూడడు. కూడింది భార్య. మొత్తం ఎంతయిందో ఆవిడ ఇంతవరకూ పైకి అనలేదు.

"కారు ఇంజిన్ రెండు లక్షల మైళ్లు నడుస్తుందండీ!" అన్నది ఆయన బ్రహ్మాస్త్రం. రోడ్డు మీద అది తన బలంలో కొంతే వాడుతుందనీ, గాలిలో గంటల తరబడి ముప్పాతిక బలంతో ఈడ్వాలనీ ఎవరైనా గుర్తు చేస్తే, వినపడనట్టు స్పానర్ వెతుక్కుంటాడు.

ఏటా జూలై ఆఖర్లో విస్కాన్సిన్‌లో ఆష్కాష్ విమానాల తిరనాళ్లకి తప్పకుండా వెళ్తాడు, కార్లో. అక్కడ సుబారు వాళ్లకీ, మాజ్డా రోటరీ వాళ్లకీ, ఫోక్స్‌వ్యాగన్ వాళ్లకీ క్షణం పడదు. లైకమింగ్ పేరెత్తితే మాత్రం అందరూ ఒక్కటైపోతారు. "వచ్చే ఏడు ఎగురుకుంటూ వస్తా" అని అందరితోనూ చెప్పి వస్తాడు.

చివరికి నిజంగానే ఎగురుతాడు. ఇలాంటి ఇంజిన్‌కి మామూలుగా 40 గంటల పరీక్ష ఉంటుంది. అన్నాళ్లూ షికారుకి ఎవర్నీ ఎక్కించుకోకూడదు. గంట ఎగరడం, వారం విప్పడం. డబ్బు మిగల్చడానికి దిగాడని మనం అనుకుంటాం గానీ, ఆయనకి కావలసింది ఆ విప్పడమే. విప్పనవసరం లేని ఇంజిన్ ఉచితంగా ఇచ్చినా పుచ్చుకోడు.

కాబట్టి మీ కారు మొరాయిస్తే నిశ్చింతగా ఆయనకి అప్పగించండి, అంతకన్నా మంచి మెకానిక్కు దొరకడు. విమానం ఎక్కమంటే మాత్రం, మామూలు విమానాల భద్రతా నిబంధనలకి ఇది లోబడదని లోపల అంటించిన హెచ్చరిక చదువుకోండి. ఆ తరవాత మీ ఇష్టం.