ఎర్ర పెన్ను దాచెయ్యండి

చెన్నై షోళింగనల్లూరులో మా అపార్ట్‌మెంటు పిల్లలకి ఆదివారాలు తెలుగు రాయడం నేర్పుతుంటాను. అమ్మానాన్నలు ఓఎంఆర్ రోడ్డు మీది ఐటీ ఆఫీసుల్లో ఉంటారు. బడిలో ఇంగ్లీషు, తమిళం. తమిళనాడు 2006 చట్టంతో ఒకటో తరగతిలో మొదలైన తప్పనిసరి తమిళం, ఏడాదికో తరగతి పెరుగుతూ 2015-16కి పదో తరగతికి చేరింది. తెలుగు ఇంటికే మిగిలింది. అందుకే అందరూ నన్నడిగేది ఒకటే: "ఒత్తులు రావట్లేదండీ, ఏం చెయ్యమంటారు?"

నా సలహాలు తలకిందులుగా ఉంటాయి. అయినా మనస్ఫూర్తిగానే చెబుతున్నాను.

దిద్దకండి. కనీసం ఆర్నెల్లు ఒక్క తప్పూ దిద్దకండి. ఎందుకంటారా? నేను నెల్లూరు జిల్లాలో ఐదో తరగతి చదివేటప్పుడు తిరనాళ్ల మీద వ్యాసం రాయమన్నారు. మా అమ్మమ్మ అన్నట్టే "తిరనాళ్లకి పోతుండాం" అని రాశాను. మాస్టారు దాన్ని ఎర్రసిరాతో కొట్టేసి, "వెళ్తున్నాము" అని యాభైసార్లు ఇంపోజిషన్ రాయించారు. ఆ ఎరుపులో కొట్టుకుపోయింది క్రియాపదం ఒక్కటే కాదు, అమ్మమ్మ కూడా. పదో తరగతి దాకా ఆవు సాధుజంతువని బట్టీపట్టి రాశాను, అందులో తప్పుపట్టేందుకేమీ ఉండదు కాబట్టి. తిరనాళ్ల గురించి మళ్లీ రాసింది నలభై రెండో ఏట.

ఈ గాయం నా ఒక్కడిదీ కాదు, కొత్తదీ కాదు. 1910ల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో పెద్ద తగువే నడిచింది, బడిపిల్లలు పరీక్షలో వాడుక తెలుగులో వ్యాసం రాయొచ్చా కూడదా అని. రాయనివ్వాలని గిడుగు రామమూర్తి, కూడదని జయంతి రామయ్య పంతులు. 1914లో గురజాడ అప్పారావు మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం రాసిచ్చారు. అయినా అప్పటికి గ్రాంథికమే నెగ్గింది. ఇంట్లో మాట్లాడే మాట కాగితం మీద పెడితే తప్పన్నారు. పిల్లలు రాతకి భయపడ్డారంటే వింతేముంది?

తమిళ లిపిలో తెలుగు రాసినా రాయనివ్వండి. ఈ మాటకి చాలామంది నొచ్చుకుంటారు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ అక్షరం ఒకటే. 'గాలి', 'కాలి' ఒక్కలాగే కనిపిస్తాయి. అయినా 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వెలిశాక ఒక పిల్లవాడు ఆ లిపిలోనే రాసి తెచ్చాడు: కరెంటు పోయిందట, నాన్న లాప్‌టాప్ ఆగిపోయిందట, మొదటిసారి నాన్న తనతో రెండు రోజులు పేకాట ఆడాడట. అది తెలుగే. వాళ్ల నాన్న చదవలేకపోతే నేనే చదివి వినిపించాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. నెల తిరక్కుండా "గాలికి వేరే అక్షరం ఉందా?" అని వాడే అడిగాడు.

దస్తూరి పుస్తకాలు కొనకండి, చెయ్యి నొప్పి తప్ప ఒరిగేదేం లేదు.

"బాగా రాశావు" అని కూడా అనకండి. అది కూడా మార్కే. "తర్వాత ఏమైంది?" అని అడగండి. ఆ జవాబు కోసం ఇంకో పేజీ రాస్తారు.

ఈ రాత్రి మీ పిల్లల నోటుబుక్కు తెరుస్తారేమో. దయచేసి చేతిలో పెన్ను లేకుండా తెరవండి.