వియన్నా కొలువుకు సన్మాన పత్రం

నూటికి పైబడిన దేశాల తరఫున ఏటా వియన్నాలో కొలువుతీరే ధీరోదాత్తులు, తొందరపాటన్న దుర్గుణం ఏనాడూ దరిచేరని శాంతమూర్తులు, ఎదుటివారి మనసు నొప్పించడమంటే ఏమిటో ఎరుగని మృదుభాషులు, ఐక్యరాజ్యసమితి అంతరిక్ష శాంతియుత వినియోగ సంఘం వారికి, వారి ఏలుబడిలోని ఆకాశం కింద కాపురముంటున్న ఒకానొక సామాన్యుడు భక్తిప్రపత్తులతో సమర్పించుకుంటున్న సన్మాన పత్రమిది.

మహానుభావులారా! 1959లో శాశ్వత సంఘంగా వెలసిన మీరు పట్టిన ఏకాభిప్రాయ వ్రతం లోకోత్తరం. ఒక్క సభ్యుడు ముఖం చిట్లించినా ఆ మాటను మడిచి పక్కనపెట్టి, మరుసటి ఏడు మళ్లీ విప్పి, మళ్లీ మడిచే మీ ఓర్పు మునులకు సైతం దుర్లభం. పాత రాకెట్ల ముక్కలు సెకనుకు ఏడు కిలోమీటర్ల పైచిలుకు వేగంతో భూమిని చుట్టుగాక, సెంటీమీటరుకు మించినవే పది లక్షలు దాటాయని ఐరోపా అంతరిక్ష సంస్థ అంచనా కట్టుగాక, మీ ఆసనం చలించదు. 2010లో చేపట్టిన సుస్థిరత చర్చను 2019 నాటికి 21 మార్గదర్శకాలుగా పండించారు. ఆ ఇరవై ఒక్కటిలో ఏ ఒక్కదాన్నీ ఎవరూ పాటించి తీరాలన్న మొరటుతనం ఎక్కడా తగలకుండా చెక్కిన మీ శిల్పనైపుణ్యానికి అమరశిల్పులు చేతులు జోడించాలి.

మీ సభ్యుల నియమనిష్ఠలను తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. 2007 జనవరి 11న చైనా తన ఫెంగ్యున్-1సీ ఉపగ్రహాన్ని తానే క్షిపణితో కొట్టి, రాడార్లకు చిక్కినవే మూడు వేలకు పైగా శకలాలను లోకానికి దానం చేసింది. అదీ 850 కిలోమీటర్ల పైన, మునిమనవల కాలానికి కూడా దానఫలం దక్కేంత ఎత్తులో. మరుసటి నెలలోనే, ఉపగ్రహాలను బుద్ధిపూర్వకంగా పగలగొట్టరాదన్న మార్గదర్శకం వియన్నాలో ముందుకొస్తే, ఆ దేశం కూడా నిండు మనసుతో సమ్మతించింది. ఒక నియమం ఎందుకు అవసరమో ముందుగా స్వయంగా చేసి చూపి, ఆ పిమ్మట దాన్ని ఆమోదించే బోధనాపద్ధతి మరే గురుకులంలో ఉంది?

రష్యా వారి సమదృష్టి అంతకంటే మిన్న. 2021 నవంబర్ 15న వారు తమ ఉపగ్రహం కాస్మోస్ 1408ను పేల్చినప్పుడు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఏడుగురున్నారు. అందులో ఇద్దరు రష్యన్లే. కన్నబిడ్డలని కూడా చూడకుండా వారిని మిగిలిన అయిదుగురితో సమానంగా ప్రమాదంలో నిలబెట్టిన ఆ నిష్పక్షపాతం ధర్మరాజుకైనా సాధ్యమా? గదుల మధ్య తలుపులు మూసుకుని, ఇద్దరు రష్యన్లూ ఒక అమెరికన్ సోయుజ్ నౌకలోకి, మిగతా నలుగురు డ్రాగన్ నౌకలోకి చేరారు. తొంభై నిమిషాలకొకసారి ఆ శకలాల దారిలోంచి కేంద్రం సాగిపోతుంటే, ఇంటికి తీసుకుపోవలసిన బండ్లలోనే తల దాచుకున్నారు. ఆ నలుగురికీ నాయకుడు హైదరాబాదు మూలాలున్న రాజాచారి. కేంద్రంలో అడుగుపెట్టి వారం కూడా కాలేదు. కొత్తగా వచ్చిన అతిథికి ఇంతటి స్వాగతం ఏర్పాటు చేయడం మహారాజులకే చెల్లు.

రాకపోకల నిర్వహణలో మీరంతా సాధించిన నిరాడంబరత గురించి ఎంత చెప్పినా తక్కువే. నేలమీద నాలుగు రోడ్ల కూడలికొక పోలీసు కావాలి. ఆకాశానికి ఈమెయిల్ చాలునని లోకానికి చాటారు. 2019 సెప్టెంబర్‌లో ఐరోపా వారి ఉపగ్రహం ఎయోలస్‌కు స్టార్‌లింక్ ఉపగ్రహమొకటి ఎదురొచ్చింది. ప్రమాదం పెరిగిందన్న కబురు, హెచ్చరికల వ్యవస్థలో లోపం వల్ల తమవారి కంట పడలేదని ఆ ఉపగ్రహాన్ని నడిపే స్పేస్‌ఎక్స్ విన్నవించుకుంది. ఐరోపా వారే ఎయోలస్‌ను కాస్త పైకి జరిపి దారిచ్చారు. ఎవరు తప్పుకోవాలో చెప్పే నియమం లేకపోవడం వల్లే కదా, తప్పుకునే వారి సంస్కారం ఇలా లోకానికి వెల్లడయ్యేది!

పరుల సొత్తు ముట్టరాదన్న శీలం మరొకటి. 1967 అంతరిక్ష ఒడంబడిక ప్రకారం చచ్చిన ఉపగ్రహమైనా దాని సొంతదారుల ఆస్తే. అనుమతి లేనిదే మరొకరు ఊడ్చడానికి వీల్లేదు. ఇంత పవిత్రంగా ఆస్తి హక్కును కాపాడే మీరు బాధ్యత అనే బరువును మాత్రం ఎవరి భుజానా మోపలేదు. 1972 ఒడంబడిక కింద, కక్ష్యలో నష్టపోయినవారు ఎదుటివారి తప్పును నిరూపించుకుంటే చాలు. 2009లో మూలపడ్డ రష్యా ఉపగ్రహం, పనిచేస్తున్న అమెరికా ఇరిడియం ఉపగ్రహం సైబీరియా మీదుగా ఢీకొని దాదాపు రెండు వేల శకలాలుగా మారినప్పుడు, ఆ ఒడంబడిక కింద ఎవరూ ఎవరినీ పైసా అడగలేదు. ఈ మర్యాద తెలియని ఊరు ఒక్కటే: ఆస్ట్రేలియాలోని ఎస్పరెన్స్. 1979లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ ముక్కలు పడ్డాయని, చెత్త వేసినందుకు నాసాకు నాలుగు వందల డాలర్ల జరిమానా రాసింది. ముప్పై ఏళ్లు అలా గౌరవంగా బాకీ ఉంచారు. చివరికి ఒక రేడియో వ్యాఖ్యాత చందాలు పోగుచేసి కట్టాడు.

ఇంతమంది కీర్తిమంతుల మధ్య మన దేశం వెనకబడుతుందా? శ్రీహరికోట నుంచి 2019 జనవరిలో పంపిన ఉపగ్రహం మైక్రోశాట్-ఆర్‌ను మార్చి 27న మనమే కూల్చి, శకలాలు నలభై అయిదు రోజుల్లో కాలిపోతాయని అభయమిచ్చాం. వాటిలో కొన్ని భారతభూమి పంపిన వస్తువులకు తగిన దీర్ఘాయుష్షుతో ఏడాది దాటినా తిరిగాయి. ఇలాంటి పరీక్షలు ఇక చేయబోమన్న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ తీర్మానానికి 2022 డిసెంబర్‌లో 155 దేశాలు ఔనన్నాయి, రష్యా, చైనాలతో సహా తొమ్మిది కాదన్నాయి. మనం ఔననలేదు, కాదనలేదు. ఉభయుల మనసూ నొప్పించని ఆ స్థితప్రజ్ఞత చూసి వియన్నా కొలువు తన శిష్యుడు పైకొచ్చాడని మురిసి ఉంటుంది.

కృతజ్ఞతగా మేమూ కానుకలు చెల్లిస్తున్నాం. 2023 జూలై 14న దేశమంతా ఊపిరి బిగబట్టి చూసిన చంద్రయాన్-3ను, కక్ష్యలో ఎదురయ్యే వస్తువుకు దారిచ్చి నాలుగు సెకన్లు ఆలస్యంగా పంపాం. పదహారు రోజులకే పీఎస్‌ఎల్‌వీ-సీ56ను ఆరున్నరకు బదులు ఆరూ ముప్పై ఒకటికి పంపి, నిండు నిమిషం సమర్పించుకున్నాం. తమరు ఇదే నిదానంతో, ఇదే ఏకాభిప్రాయంతో కొలువు సాగించండి. మా కానుకలు సెకన్ల దగ్గరా నిమిషాల దగ్గరా ఆగిపోవని సవినయంగా హామీ ఇస్తున్నాం.