కిలోల లెక్కన గుట్టు

మనవాళ్ళ గుట్టు సామాన్యమైంది కాదు. జీతమెంతని పక్కింటాయన అడిగితే "ఏదో, వస్తోంది లెండి" అంటాం. అమ్మాయికి సంబంధం కుదిరిన సంగతి తాంబూలాలు పుచ్చుకునేదాకా మేనత్తకు కూడా చెప్పం. పొలం కాగితాలు బీరువాలో, బీరువా తాళం పట్టుచీర మడతలో, ఆ మడత ఎక్కడుందో ఇంటి ఇల్లాలికి తప్ప మరో పురుగుకు తెలియదు. అవే పొలం కాగితాల స్కాన్లు, అదే సంబంధం తాలూకు జాతకాలు, పదేళ్ళ ఫారం 16లు, పాస్‌వర్డులన్నీ వరసగా రాసి పెట్టుకున్న 'ఇంపార్టెంట్ ఫైనల్ కొత్తది' అనే ఫైలూ ఉన్న కంప్యూటర్‌ను మాత్రం, "పాత ఇనప సామాన్లు కొంటాం" అంటూ మైకు ఆటో వీధిలోకి రాగానే మోసుకెళ్ళి అప్పగిస్తాం. అప్పుడు కూడా జాగ్రత్త తక్కువేం ఉండదు. తూకం సరిగ్గా వేస్తున్నాడో లేదో కళ్ళు చిట్లించి చూస్తాం. ముల్లు దగ్గర ఐదు రూపాయలు పోనివ్వలేదన్న తృప్తితో తలుపేసుకుంటాం.

అడిగితే జవాబు సిద్ధం. "అన్నీ డిలీట్ కొట్టేశాం, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాం." ఓటర్ల జాబితాలోంచి పేరు కొట్టేస్తే మనిషి ఇల్లు ఖాళీ చేసి పోతాడా? జాబితాలో ఉండడు, అంతే. అరుగు మీద పేపరు చదువుకుంటూనే ఉంటాడు. హార్డ్ డిస్కులో డిలీట్ చేసే ఘనకార్యమూ అదే. ఫలానా ఫైలు ఫలానా చోట ఉందన్న పద్దు కొట్టేసి, ఆ చోటు ఇక ఎవరికైనా ఇవ్వొచ్చని రాసుకుంటుంది. కొత్తది వచ్చి కూర్చునేదాకా పాతది కదలదు. క్విక్ ఫార్మాట్ అనే పెద్ద మంత్రం పద్దుల పుస్తకాన్నే మార్చేస్తుంది గాని, సరుకు జోలికి అదీ పోదు. వెతికి పైకి తీసే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. పెళ్ళి ఫొటోలు పొరపాటున పోయినప్పుడు వాటితోనే వెనక్కి తెచ్చుకుని, ఆ కుర్రాడెవరో దేవుడని మెచ్చుకున్నది మనమే. మనకు దొరికినవి తుక్కు కొన్నవాడికి దొరకవని మాత్రం మనకెంత గట్టి నమ్మకమో!

సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ అనే ఇద్దరు ఎంఐటీ విద్యార్థులు ఈ నమ్మకాన్ని ఎప్పుడో తూకం వేశారు. 158 పాత డిస్కులు కొని, చూసిందంతా 2003లో ప్రచురించారు. పనిచేసినవి 129. వాటిలో సరిగ్గా చెరిపి అమ్మినవి 12. అయిదు వేలకు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు దొరికాయి. దీనికి వాళ్ళేమీ తాళాలు పగలగొట్టలేదు, డబ్బిచ్చి కొనుక్కున్నారు.

పోనీ ఇళ్ళ సంగతి వదిలేద్దాం, పోతే మనదే పోతుంది. ఊరందరి గుట్టూ ఒక్కచోట పోగేసుకున్న ఆఫీసుల తంతు చూడాలి. అక్కడ కంప్యూటర్‌ను సాగనంపడం పెద్ద క్రతువు. ముందు కండెమ్ కమిటీ వేస్తారు. కమిటీ టీ తాగి, స్టోరు గది తెరిపించి, మానిటర్ వెనక తెల్ల పెయింటుతో రాసిన నంబరు స్టాకు రిజిస్టరుతో సరిపోయిందో లేదో చూస్తుంది. మౌసు ఒకటి తక్కువొచ్చిందా, ఫైలు అక్కడే ఆగిపోతుంది. ఏనాడో కొన్న ఆ మౌసు కోసం రిటైరైన గుమాస్తాకు మెమో వెళ్తుంది. కీబోర్డుకు ఎంటర్ మీట ఊడిపోతే దానికో రిమార్కు. ఇంత పట్టింపు ఉన్న కమిటీలో, డబ్బా లోపల అరచేతిలో పట్టే ఆ డిస్కు మీద ఏముందని అడిగే నాథుడు ఉండడు. ఎందుకుంటాడు? మౌసుకు రిజిస్టరులో పద్దుంది. మీ పింఛను దరఖాస్తుకు, మీ రేషన్ కార్డు వివరాలకు, మీ అమ్మాయి ఆసుపత్రి రిపోర్టుకు లేదు. పద్దు లేనిది పోతే పోయినట్టు కాదు. ఆఖర్న వేలం ప్రకటన: ఎక్కడున్నవి అక్కడే, ఎలా ఉన్నవి అలాగే. ఆఫీసు అన్నమాట అక్షరాలా నిలబెట్టుకునే సందర్భం ఇదొక్కటే. లోపలున్నవాటిని కూడా ఎలా ఉన్నవి అలాగే ఇచ్చేస్తుంది.

జిరాక్స్ మిషన్‌ను ఎవరూ అనుమానించరు, పాపం. పెద్ద డిజిటల్ మిషన్లలో చాలావాటికి కడుపులో హార్డ్ డిస్కు ఉంటుంది, దాని గాజు మీద బోర్లించిన ఆధార్ కార్డుల బొమ్మలు అందులో మిగిలిపోవచ్చు. అద్దెకు తెచ్చుకున్న మిషన్ల డిస్కులు చెరపకుండా తిప్పి పంపినందుకు అమెరికాలో ఒక ఆరోగ్య బీమా సంస్థ 2013లో 12 లక్షల డాలర్లు కట్టింది.

ఇదంతా మన బద్ధకం, తెల్లవాళ్ళయితే ఇలా చేస్తారా అని నిట్టూర్చేవాళ్ళకు మోర్గాన్ స్టాన్లీ కథ వినిపించాలి. అబ్బాయికి అందులో ఉద్యోగమొస్తే వీధంతా మిఠాయిలు పంచే స్థాయి అమెరికా ఆర్థిక సంస్థ. 2016లో రెండు డేటా సెంటర్లు మూసేస్తూ, సర్వర్లూ డిస్కులూ వదిలించే పనిని ఎవరికిచ్చిందయ్యా అంటే, సామాన్లు తరలించే కంపెనీకి. డేటా చెరపడంలో దానికి ఓనమాలు రావు. ఇళ్ళు మారేవాళ్ళ బీరువాలు మోసినంత భద్రంగా మోసి, వేల పరికరాలను మరొకరికి అమ్మేసింది. అవి ఆన్‌లైన్ వేలానికెక్కాయి, ఖాతాదారుల వివరాలతో సహా. మరుసటి ఏడాది ఓక్లహోమాలో ఐటీ సలహాదారు ఒకాయన వేలంలో డిస్కులు కొని, తెరిచి చూసి, మీ సరుకు నా దగ్గరుందని ఆ సంస్థకే ఈమెయిలు రాశాడు. కోటానుకోట్లు పోసి పెట్టుకున్న భద్రతా విభాగం కనిపెట్టలేనిది పాత సామాను కొనుక్కున్నవాడు చెప్పాల్సి వచ్చింది. 2020లో బ్యాంకుల నియంత్రణ సంస్థ 6 కోట్ల డాలర్లు, 2022లో షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీ మరో 3.5 కోట్ల డాలర్లు జరిమానా వేశాయి. దాదాపు కోటిన్నర మంది వివరాల వ్యవహారం మరి. ఇందులో నాకు బాగా నచ్చిన ముక్క ఇంకొకటుంది. శాఖల్లోంచి తీసేసిన సర్వర్లలో డేటాను గూఢలిపిలో దాచే ఏర్పాటు ముందునుంచే ఉంది. ఏళ్ళ తరబడి దాన్ని ఆన్ చేసిన పాపాన ఎవరూ పోలేదు.

మనకూ చట్టం ఉంది, దిగులు పడకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, డేటాకు తగిన భద్రత కల్పించనివాడికి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ఆ డబ్బు గుట్టు పోయినవాడికి వస్తుందనుకునేరు. నేరుగా భారత సంచిత నిధికి పోతుంది. నష్టపోయినవాడికి పరిహారం ఇప్పించే పాత ఐటీ చట్టంలోని 43ఏ సెక్షన్‌ను తీసెయ్యమని కూడా ఇదే చట్టం చెబుతోంది. అవసరం తీరాక డేటాను చెరిపెయ్యాలన్న బాధ్యతనూ ఇందులో రాశారు, బాగుంది. 17వ సెక్షన్‌కు వచ్చేసరికి ఆ చెరిపే బాధ్యత ప్రభుత్వానికీ దాని అంగాలకూ వర్తించదన్నారు, ఇది మరీ బాగుంది. దేశంలో అందరికంటే ఎక్కువ పోగేసుకునేవాడికే చెరిపే పని తప్పించారు. ఇక ఈ-వ్యర్థాల నిబంధనలు 2022లో కొత్తగా వచ్చాయి. వాటి కింద రీసైక్లింగ్ సర్టిఫికెట్లు లెక్కగట్టేది నాలుగు లోహాలకు: బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము. మీ గుట్టు ఏ లోహమో తేలితే గాని దానికి సర్టిఫికెట్ రాదు.

ఇంతలో పండితులు దిగుతారు. డిస్కును 35 సార్లు తిరగరాస్తే గాని డేటా చావదని ఒకాయన అంటాడు. అంత ఓపిక లేదు గనక ఒక్కసారి కూడా రాయడు. ఆ 35 లెక్క 1996లో పీటర్ గట్‌మన్ రాసిన వ్యాసంలోది. అప్పటి రకరకాల డిస్కులన్నిటికీ కలిపి వేసిన లెక్క. జనం దాన్ని మంత్రంలా జపిస్తున్నారని తర్వాత ఆయనే విసుక్కున్నాడు. తిరిగే పళ్ళెం ఉన్న నేటి హార్డ్ డిస్కును ఆసాంతం ఒక్కసారి తిరగరాస్తే మామూలుగా చాలు. ఇంకో పండితుడిది సుత్తి సిద్ధాంతం. పళ్ళెం లేకుండా చిప్పులతో పనిచేసే ఎస్ఎస్‌డీని ఒక్క దెబ్బ వేస్తే పెట్టె సొట్టపోతుంది, చిప్పు చిరునవ్వుతో బయటపడుతుంది. ఎస్ఎస్‌డీని తిరగరాయడమూ నమ్మదగ్గది కాదు. అది అరుగుదలను సమంగా పంచుకోవడానికి రాతల్ని చోటు మారుస్తుంటుంది, కొంత చోటు మనకు కనపడకుండా అట్టే పెట్టుకుంటుంది. దానికి తయారీదారు పెట్టిన సెక్యూర్ ఎరేజ్ ఆదేశమే ఇవ్వాలి. అన్నిటికన్నా సుఖమైన దారి కొన్న రోజే ఎన్‌క్రిప్షన్, అంటే ఆ గూఢలిపి ఏర్పాటు, ఆన్ చేసుకోవడం. అప్పుడు అమ్మే రోజున తాళంచెవిని నాశనం చేస్తే సరిపోతుంది. విండోస్‌లో అయితే 'రీసెట్'లోకి వెళ్ళి, అన్నీ తీసేయమని, డ్రైవ్‌ను శుభ్రం చేయమని రెండూ చెప్పాలి. మనవాళ్ళు మొదటిది నొక్కి కాఫీకి లేస్తారు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మంగళం పాడింది గనక, లేచేవాళ్ళ సంఖ్య ఈ మధ్య పెరిగే ఉంటుంది.

ఆఫీసులకు ఈ పరిజ్ఞానం కూడా అక్కర్లేదు. కండెమ్ ఫారంలో ఇంకో గడి గీస్తే చాలు: డిస్కు సీరియల్ నంబరు, ఎలా చెరిపారు, ఎవరి ఎదుట. గీయకపోవడానికి కారణం లేకపోలేదు. ఏ ఆఫీసులోనో కొత్తగా చేరిన గుమాస్తా ఒకడు బుద్ధి పుట్టి, వేలానికి ముందే నలభై డిస్కులు పీకించి, దగ్గరుండి పొడి కొట్టించాడనుకుందాం. పాటలో రేటు పడిపోతుంది. ఆరు నెలలకు ఆడిట్ దిగుతుంది. వేలం వేసిన యూనిట్లలో స్టాకు రిజిస్టరు ప్రకారం ఉండవలసిన హార్డ్ డిస్కులు 40 లోపించినవి, బాధ్యులెవరో తెలియజేయవలెను అని పేరా రాస్తుంది. మౌసు కోసం మెమోలు రాసిన చేతులే ఆ కుర్రాడి జీతంలోంచి నెలకింతని రికవరీ పెడతాయి.