నెదర్లాండ్స్ కోడళ్ళకు చిన్నాయన చిట్కాలు

పెళ్ళిచూపుల్లో అబ్బాయి జీతం అడగండి, సొంత ఇల్లుందా అని అడగండి, కారు ఏ రంగుదో కూడా అడగండి. ఆ దేశంలో ఏ పర్మిట్ మీద ఉండాడో మాత్రం అడగొద్దు. అడిగితే గుట్టంతా బయటపడుతుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి నైపుణ్యం పర్మిట్ మీద పోయినోళ్ళ భార్యలకు డచ్చి పరీక్ష లేదు. అక్కడి పౌరసత్వమో శాశ్వత నివాసమో తెచ్చుకున్నోడిని చేసుకుంటే మాత్రం వీసాకు ముందే పరీక్ష గట్టెక్కాలి. ఈ సంగతి ముందే తెలిస్తే మీరు నింపాదిగా ఆర్నెల్లు చదువుకుంటారు. ఇంక నా సలహాలు ఎవరికి కావాల?

మా అన్న కూతురికి ఈ రెండో రకం సంబంధమే కుదిరింది. ఏ1 స్థాయి అంట, అంటే అ ఆ ఇ ఈలే గదా. మన చిత్తూరు తోతాపురి మామిడి గుజ్జు డబ్బాలకెక్కి నెదర్లాండ్స్ పోతా ఉంటే, ఎమ్మెస్సీ చదివిన పిల్ల పోలేదా? పుస్తకం నేనే తీసుకున్నాను.

మొదట మాటలన్నీ తెలుగు అక్షరాల్లో రాయించినాను. అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు. మెట్టుకొక మాట బట్టీ కొడితే మహాద్వారం చేరేసరికి నిఘంటువు ముగుస్తుంది. చెవితో వినే పనే లేదు. ఇంగ్లీషులో జీ అనే అక్షరాన్ని వాళ్ళు గొంతు లోపలి నుంచి గరగరమని పలుకుతారు. పొద్దున్నే కుళాయి దగ్గర నాలుక గీసుకుంటూ మా నాయన వీధంతా వినబడేట్టు చేసే శబ్దం అచ్చం అదే. ఆడపిల్ల అట్లాంటి శబ్దం చేస్తే బాగుంటుందా? శుభ్రంగా ‘గ’ అనమన్నాను. మాట చివర పొల్లు వస్తే ఒక ఉకారం తగిలించమన్నాను. పాలను వాళ్ళు ‘మెల్క్’ అంటారు. ‘మెల్కు’ అంటే ఎంత కమ్మగా ఉంది!

అంకెలు వాళ్ళకు తలకిందులు. ఇరవై అయిదును ‘అయిదూ ఇరవై’ అంటారు. వాళ్ళ కోసం మన వరస ఎందుకు మార్చుకోవాల? అయిదు ముందు వినబడింది కాబట్టి 52 అని రాసుకోండి. రైలు పోతే ఇంకో రైలు.

డచ్చి వాతావరణం కావాలంటే తడ దాటి పళవేర్కాడు పోయి రండి. మన ప్రళయకావేరి ఒడ్డునే. 1613లో డచ్చివాళ్ళు అక్కడ గెల్డ్రియా కోట కట్టినారు. (మన పెద్దలు వీళ్ళను వలందులు అన్నారు. బందరులో వలందపాలెం ఆ పేరే.) కోట శిథిలమైపోయింది గానీ సమాధులు దిట్టంగా ఉన్నాయి, గేటు దగ్గర అస్థిపంజరాల బొమ్మలతో సహా. రాళ్ళమీద రాసిన భాష మూడొందల ఏండ్లు దాటినది, కాబట్టి కల్తీ ఉండదు. మా పిల్ల ఒక్క పూటలో ‘హియర్ లెయ్ట్ బెఖ్రావెన్’ నేర్చింది. ‘ఇక్కడ పూడ్చబడి ఉన్నారు’ అని అర్థం. మీరెక్కడ ఉంటారు అనే ప్రశ్నకు ఇంతకన్నా నిండైన జవాబుందా?

ఇంక ఆ దేశం గురించిన భాగం. ‘నార్ నేడర్లాండ్’ అనే సినిమా చూసి, వంద ప్రశ్నలు చదువుకోవాలంట. ఆ వందా బొమ్మలతో సహా ముందే ఇస్తారంట, అడిగేది అందులో 30. గ్రూప్స్, డీఎస్సీ కోచింగులు చూసి పెరిగినోళ్ళం, పేపరు ముందే చేతికిచ్చే సర్కారును నమ్ముతామా? అదంతా మూలకు పెట్టించి ఒక జీకే పుస్తకం కొనిచ్చినాను. రాజధాని ఆమ్‌స్టర్‌డామ్, కాబట్టి ప్రభుత్వమూ అక్కడే అని చెప్పినాను. అది హేగ్‌లో ఉందంట. ఆంధ్రాలో ఉండి రాజధాని సంగతిలో పొరబడినందుకు నాకే సిగ్గేసింది. ఒళ్ళు బాగలేకపోతే మొదట వీధి డాక్టరు దగ్గరికే పోవాలంట, ఆయన రాసిస్తేనే పెద్ద డాక్టరు. జలుబుకు కూడా వేలూరు సీఎంసీకి బస్సెక్కే చిత్తూరోళ్ళం మనం. నేరుగా పెద్దాసుపత్రి అని టిక్కు పెట్టమన్నాను.

2006లో ఈ పరీక్ష మొదలైన కొత్తల్లో టెలిఫోనులో మాట్లాడితే కంప్యూటరు మార్కులు వేసేది. ఇప్పుడు రాయబార కార్యాలయంలో మైకు ముందు చెప్పింది రికార్డు చేసుకొని, తర్వాత మనుషులు వింటారు. మనుషులే గదా, మన తలూపుడు అర్థం కాకుండా పోతుందా? జవాబు తోచకపోతే తల అటూ ఇటూ ఊపి చిన్నగా నవ్వమన్నాను.

తప్పుతామని భయం వద్దు. ఒకప్పుడు ఫీజు 350 యూరోలు. 2015లో ఐరోపా న్యాయస్థానం అది మరీ జాస్తి అన్నాక 150కి దించినారు. రెండుసార్లు కట్టినా పాత లెక్కకు 50 మిగులే.

మా పిల్ల ఢిల్లీ పోయి రాసి వచ్చింది. చదివే భాగం గట్టెక్కింది. దేశం గురించిందీ గట్టెక్కింది. నాకు తెలీకుండా రాత్రిళ్ళు ఫోనులో ఆ సినిమా చూసినట్టుంది. మాట్లాడేది తప్పింది. ఆ భాగం ఒక్కటే మళ్ళీ రాస్తే చాలంట. వారంగా పొద్దున్నే కుళాయి దగ్గర వాళ్ళ తాత పక్కన నిలబడి గొంతు గరగరలాడిస్తా ఉంది. పుస్తకం మాత్రం నన్ను ముట్టుకోనీలేదు.